డాబా ఇల్లు తుఫానుకి నిలబడాలంటే: గాలి కంటే ముందు ఉప్పుని ఆపాలి

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరం పొడవునా పాత పెంకుటిళ్ళు, తాటాకిళ్ళు తీసేసి డాబాలు కట్టుకుంటున్నారు. మీలో కొంతమంది ఇళ్ళలో ఇప్పుడు ఆ పని నడుస్తూ ఉండొచ్చు. లేదా వచ్చే ఏడాది మొదలుపెడదామని నాన్నగారు అనుకుంటూ ఉండొచ్చు. ఎవర్ని కదిపినా ఒకటే మాట: "స్లాబ్ వేసేశాం కదా, ఇంక తుఫాను మనల్ని ఏం చేస్తుంది?" ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం గురించే ఈ ఎపిసోడ్.

నేను సివిల్ ఇంజినీర్‌ని. కోనసీమ, భీమవరం వైపు ఇళ్ళ సైట్లు చూస్తుంటాను. మధ్యలో కొన్ని లెక్కలు వస్తాయి, కంగారు పడకండి, అన్నీ పదో తరగతి లెక్కలే. చివర్లో మీ ఫోన్‌తో మీరే చెయ్యగలిగే పని ఒకటి చెప్తాను. అసలు ఈ ఎపిసోడ్ దాని కోసమే.

గాలి ఎంత బలంగా తోస్తుంది?

వార్తల్లో "గంటకి 100 కిలోమీటర్ల వేగంతో గాలులు" అని చెప్తారు కదా. ఆ గాలి మన గోడని ఎంత బరువుతో తోస్తుందో తెలుసుకోవడానికి చిన్న సూత్రం ఉంది. వేగాన్ని సెకనుకి మీటర్లలోకి మార్చండి, దాన్ని దానితోనే గుణించండి, 0.6తో మళ్ళీ గుణించండి. చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్లో వస్తుంది. పదితో భాగిస్తే సుమారుగా కేజీలు.

గంటకి 100 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. లెక్క వేస్తే చదరపు మీటరుకి 47 కేజీల తోపు వస్తుంది. అదే 180 కిలోమీటర్లంటే సెకనుకి 50 మీటర్లు. తోపు 150 కేజీలు! చూశారా, వేగం రెట్టింపు కూడా కాలేదు, బలం మాత్రం మూడు రెట్లు దాటింది. "పోయినసారి తుఫానుకి ఏం కాలేదు, ఈసారి కూడా ఏం కాదు" అనుకోవడం ఎందుకు ప్రమాదమో ఇక్కడే అర్థమవుతుంది. గాలి కాస్త పెరిగితే బలం చాలా పెరుగుతుంది.

ఈ 50 అంకె నేను ఊరికే తీసుకోలేదు. గాలి కోసం మన దేశానికి ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 875 మూడో భాగం. అందులో ఏ ప్రాంతంలో ఎంత గాలికి ఇల్లు డిజైన్ చెయ్యాలో మ్యాప్ ఇచ్చారు. హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విశాఖపట్నానికి, విజయవాడకి 50 మీటర్లు. ఇంకో సంగతి. వాతావరణ శాఖ తుఫాను వేగం చెప్పేటప్పుడు కొన్ని నిమిషాల సగటు చెప్తుంది. డిజైన్‌లో వాడేది మూడు సెకన్ల పాటు వచ్చే పెద్ద విసురు. అందుకే వార్తల్లో విన్న అంకె కంటే మీ కిటికీకి తగిలే విసురు ఎక్కువే ఉంటుంది.

స్లాబ్ ఎందుకు ఎగరదు?

గాలి గోడని తోస్తుంది సరే, పైకప్పుని ఏం చేస్తుంది? కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, పైకి లాగుతుంది. ఇంటి మీదుగా గాలి వేగంగా జారిపోతుంటే పైన ఒత్తిడి తగ్గి కప్పుని పీలుస్తుంది. అంచుల్లో, మూలల్లో ఈ పీల్చడం ఇంకా ఎక్కువ, ఇందాకటి 150 కేజీలకి దాదాపు రెట్టింపు దాకా వెళ్ళొచ్చు.

ఇప్పుడు బరువులు పోల్చండి. ఇనప రేకు చదరపు మీటరుకి ఐదు కేజీలు ఉంటే గొప్ప. సిమెంటు రేకైనా ఓ పదిహేను కేజీలు. పైకి లాగేది 150 నుంచి 300. అంటే రేకుని ఆపుతున్నది దాని బరువు కాదు, ఆ నాలుగు బోల్టులే. అవి వదిలితే రేకు వెళ్ళిపోతుంది. మరి మన ఐదంగుళాల స్లాబ్? చదరపు మీటరుకి 310 కేజీల పైన. గాలి లాగే దానికి సమానం, లేదా ఎక్కువ. పైగా అది బీములతో, పిల్లర్లతో కలిపి పోసింది. డాబా ఇల్లు గాలికి నిలబడటంలో పెద్ద రహస్యం ఏం లేదు. అది బరువుగా ఉంటుంది, పునాది నుంచి కప్పు దాకా ఒకదానికొకటి కట్టేసి ఉంటుంది. అంతే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీద తీరం దాటింది. అప్పుడు నగరంలో పిల్లర్ల మీద కట్టిన ఇళ్ళు మామూలుగా నిలబడ్డాయి. పోయినవి ఏంటి? కిటికీ అద్దాలు, తలుపులు, షట్టర్లు, రేకుల షెడ్లు, హోర్డింగులు, నీళ్ళ ట్యాంకులు. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు కూడా దెబ్బతింది. డాబా ఇంటి బలహీనత ఎక్కడుందో హుద్‌హుద్ మనకి లిస్ట్ రాసి ఇచ్చినట్టే.

స్లాబ్ ఉన్నా పోయేవి

మొదటిది కిటికీ. నాలుగడుగులకి నాలుగడుగుల కిటికీ మీద మనం చెప్పుకున్న గాలి 220 కేజీలకి పైగా తోస్తుంది. ముగ్గురు మనుషులు ఒకేసారి దాని మీద వాలినట్టు. ఫ్రేముని గోడలోకి పట్టులతో బిగించకుండా చుట్టూ సిమెంటు పూసి వదిలేస్తే అది ఫ్రేముతో సహా లోపలికి వస్తుంది. ఆ తర్వాత ఇంకో ప్రమాదం. గాలి లోపలికి దూరి బయటికి దారి లేక ఇంటిని బుడగలా లోపల్నుంచి ఉబ్బిస్తుంది. అవతలి గోడలు, తలుపులు బయటికి తన్నుకుపోతాయి. "ఒక కిటికీ తెరిచి పెడితే ప్రెషర్ సమానం అవుతుంది" అని కొంతమంది చెప్తారు. నమ్మకండి. అన్నీ మూసి గడియలు పెట్టాలి. అద్దాల కిటికీలకి బయట చెక్క తలుపులో, మందమైన ప్లైవుడ్డో ఉండాలి.

రెండోది పిట్టగోడ. చాలా ఇళ్ళకి నాలుగున్నర అంగుళాల ఇటుకతో మూడడుగుల పిట్టగోడ లేపుతారు. ఒక మీటరు పొడవు ముక్క తీసుకుంటే దాని బరువు సుమారు 200 కేజీలు. గాలి దాన్ని తోసేది 135 కేజీలు. బరువే ఎక్కువ కదా అనుకుంటాం. కానీ గోడ పలచన, తోపు మధ్య ఎత్తులో పడుతుంది, కాబట్టి ఒరిగిపోయే లెక్క చూడాలి. అది చూస్తే గోడ సొంత బరువుతో నిలబడే శక్తి కంటే గాలి పడగొట్టే శక్తి ఐదు రెట్లు ఎక్కువ. మిగతాదంతా కింద సిమెంటు అతుకు మీదే ఆధారపడి ఉంది. అందుకే ప్రతి రెండు మీటర్లకో చిన్న కాంక్రీటు పిల్లరు స్లాబ్‌లోంచే చువ్వలు లేపి పోయించండి, పైన సన్నగా కాంక్రీటు పట్టీ వేయించండి. ఇల్లు కట్టేటప్పుడు ఇది చిన్న పని. కట్టేశాక చెయ్యాలంటే స్లాబ్‌కి బెజ్జాలు పెట్టాలి.

మూడోది మేడ మీద రేకుల షెడ్డు. ఎండ తగలకుండా, బట్టలు ఆరేసుకోవడానికి ఇప్పుడు ప్రతి డాబా మీదా వేస్తున్నారు. స్లాబ్ ఎగరదు, ఈ షెడ్డు ఎగురుతుంది. ఎగిరిన రేకు పక్కింట్లో ఎవరి మీద పడుతుందో తెలీదు. వెయ్యాల్సి వస్తే ఇనప స్తంభాలని స్లాబ్‌లోకి యాంకర్ బోల్టులతో దింపండి. అంచుల్లో రేకుల బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి, ఎందుకంటే గాలి ఎక్కువగా లాగేది అక్కడే.

నాలుగోది ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు. ఖాళీ ట్యాంకు గాలికి బంతి లాంటిది. వెయ్యి లీటర్లది నిండుగా ఉంటే టన్ను బరువు. తుఫాను హెచ్చరిక రాగానే, కరెంటు ఉండగానే మోటారు వేసి నింపేయండి. ట్యాంకూ కదలదు, తర్వాత కరెంటు లేని రోజుల్లో నీళ్ళూ ఉంటాయి.

అసలు శత్రువు ఏడాది పొడవునా ఉంటుంది

ఇంతవరకూ చెప్పినవి మీ కంటికి కనిపించేవి. ఇప్పుడు కనిపించనిది. తుఫాను ఏడాదికి ఒకటో రెండో రోజులు. సముద్రం మీంచి వచ్చే ఉప్పు గాలి మాత్రం రోజూ ఉంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చే తుఫాను నాటికి మీ ఇల్లు ఎంత బలంగా ఉంటుందో నిర్ణయించేది ఈ ఉప్పే.

కాంక్రీటు నొక్కుడుకి గట్టిది, లాగితే పగులుతుంది. లాగుడుని తట్టుకునేది లోపలి చువ్వ. మంచి కాంక్రీటు లోపల క్షార గుణం ఎక్కువ, దానివల్ల చువ్వ మీద కంటికి కనపడని పలచటి పొర ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటు సన్న రంధ్రాల గుండా మెల్లగా లోపలికి నడిచి ఆ పొరని ఛేదిస్తుంది. తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపల్నుంచి ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. మన ఇళ్ళలో సీలింగ్ నుంచి పెచ్చులు ఊడిపడటం చూస్తుంటాం కదా, అది ఇదే. పెచ్చు ఊడాక ఉప్పుకి దారి ఇంకా తెరుచుకుంటుంది.

నేను చూసిన ఒక ఇల్లు, సముద్రానికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. కట్టి పన్నెండేళ్ళు. బయట మంచి రంగులు. బాల్కనీ కింద మాత్రం పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి, పెన్సిలంత లావు చువ్వ చేత్తో గీకితే పొరలు పొరలుగా రాలుతోంది. ఆ ఇంటి పెద్దాయన నన్ను అడిగారు, "పూత పూయిస్తే సరిపోద్దా అండీ?" అని. సరిపోదు. అక్కడ చువ్వకీ బయటి గాలికీ మధ్య ఉన్న కాంక్రీటు కొలిచాను, ఒక సెంటీమీటరు కూడా లేదు.

చువ్వకీ బయటికీ మధ్య ఉండే ఆ కాంక్రీటు మందాన్ని కవర్ అంటారు. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సముద్ర తీరపు గాలికి తెరుచుకుని ఉన్న భాగాలకి కవర్ 45 మిల్లీమీటర్లు ఉండాలి. నేరుగా సముద్రపు తుంపర్లు పడేచోట 50. ఎందుకంత పట్టుదల? ఉప్పు నడిచే లెక్క విచిత్రంగా ఉంటుంది. కవర్ రెట్టింపు చేస్తే ఉప్పు చువ్వని చేరే కాలం రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు అవుతుంది. అంటే రెండు సెంటీమీటర్ల తేడాతో ఒక తరం తేడా వస్తుంది. ఆ రెండు సెంటీమీటర్లని కాపాడేవి కవర్ బ్లాకులు. ఇంటి మొత్తానికి కొన్నా ఖర్చులో అవి లెక్కలోకే రావు. వాటి బదులు చాలా సైట్లలో చువ్వ కింద ఓ కంకర రాయి నెట్టేసి ఊరుకుంటారు. స్లాబ్ పోసేటప్పుడు నలుగురు నడవగానే ఆ రాయి జారిపోతుంది, చువ్వ సెంట్రింగ్ మీద పడుకుంటుంది.

నీళ్ళ బకెట్ దగ్గర ఇల్లు పోతుంది

ఇక కాంక్రీటు సంగతి. తీరంలో బయటి గాలికి ఉండే పనికి అదే ప్రమాణం కనీసం ఎం30 కాంక్రీటు అడుగుతుంది. ఇరవై ఎనిమిది రోజులకి చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్ల బలం అన్నమాట. మనవాళ్ళు అలవాటుగా వేసే ఒకటి-ఒకటిన్నర-మూడు పాళ్ళు ఎం20కి సంబంధించినవి. ఎం30కి గమేళా లెక్క కుదరదు, మీకు దొరికే ఇసుక, కంకరతో ల్యాబ్‌లో మిక్స్ డిజైన్ చేయించాలి. ఒక్కసారి చేయిస్తే ఇంటి మొత్తానికి పనికొస్తుంది.

పాళ్ళు ఎంత బాగున్నా చెడగొట్టేది నీళ్ళు. తీరంలో సిమెంటు బరువులో నీళ్ళు 0.45 వంతు దాటకూడదు. 50 కేజీల బస్తాకి ఎంత? ఇరవై రెండున్నర లీటర్లు. అందులోనే తడి ఇసుకతో వచ్చే నాలుగైదు లీటర్లు కూడా కలిపే లెక్క. సైట్‌లో ఈ మాట చెప్తే మేస్త్రి గారు నవ్వుతారు. "అంత గట్టిగా ఉంటే మాలు ఎలా పారుద్దండీ బాబూ?" అంటారు. ఆయన బాధ నిజమే, గట్టి మాలుతో పని కష్టం. దానికి మందు నీళ్ళు కాదు, ప్లాస్టిసైజర్ అనే ద్రావణం ఉంటుంది, సరైన మోతాదులో కలిపితే మాలు జారుతుంది. పోశాక వైబ్రేటర్ పెడితే మూలల్లోకి దిగుతుంది. అదనంగా పోసిన నీళ్ళు మాత్రం తర్వాత ఆవిరైపోతూ కాంక్రీటులో సన్న దారులు వదిలి వెళ్తాయి. ఆ దారుల్లోనే ఉప్పు వస్తుంది.

నీళ్ళు ఎన్ని అన్నదే కాదు, ఎలాంటి నీళ్ళు అన్నది కూడా చూడాలి. తీరం వెంబడి, చెరువుల చుట్టుపక్కల చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా మారాయి. ఆ నీళ్ళతో కలిపితే ఉప్పుని మనమే మొదటిరోజే లోపల పెట్టి మూసేసినట్టు. కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సీసాలో పట్టుకెళ్ళి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. సముద్రపు ఇసుక అసలు వద్దు. క్యూరింగ్‌కి కూడా మంచి నీళ్ళే కొట్టాలి. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, ఫ్లైయాష్ లేదా స్లాగ్ కలిసిన సిమెంటుకి కనీసం పది రోజులు, కుదిరితే పద్నాలుగు. ఈ రెండో రకం సిమెంట్లు ఉప్పుకి బాగా తట్టుకుంటాయి, కాకపోతే తడి ఎక్కువ రోజులు అడుగుతాయి. మూడో రోజుకే పైపు చుట్టేస్తే ఆ లాభం మీకు రాదు.

స్లాబ్ రోజుకి ముందు మీ ఫోన్ పని

ఇప్పుడు మీ వంతు. స్లాబ్ పోశాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు. పొయ్యడానికి ముందు రోజు సాయంత్రం మాత్రం అంతా కనిపిస్తుంది. ఆ సాయంత్రం ఫోన్ తీసుకుని సెంట్రింగ్ ఎక్కండి.

ఒకటి, కవర్ బ్లాకులు. చువ్వల కింద, బీముల పక్కన, పిల్లర్ల చుట్టూ ఉన్నాయా? టేపు పక్కన పెట్టి ఫోటో తియ్యండి. రెండు, చువ్వల మధ్య దూరం డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉందా? టేపుతో ఇంకో ఫోటో. మూడు, బాల్కనీ, సన్‌షేడ్. గోడలోంచి బయటికి వేలాడే వాటికి ముఖ్యమైన చువ్వలు పైభాగంలో ఉండాలి. కాలితో తొక్కితే కిందికి దిగిపోతాయి, తర్వాత అవి ఉండీ లేనట్టే. వాటిని పైన పట్టి ఉంచే కుర్చీలు ఉన్నాయో లేదో చూడండి. నాలుగు, వాన నీళ్ళు పోయే పైపులు ఎక్కడ, స్లాబ్ వాలు ఎటు? డాబా మీద ఒక్క అంగుళం నీళ్ళు నిలిస్తే చదరపు మీటరుకి 25 కేజీలు, పైగా ఆ తడి లోపలికి దిగుతూనే ఉంటుంది.

మర్నాడు మిక్సర్ దగ్గర నిలబడి నీళ్ళ బకెట్లు లెక్కపెట్టండి. బకెట్ ఎన్ని లీటర్లదో ముందే కొలిచి పెట్టుకోండి. గొడవ పడక్కర్లేదు. "మేస్త్రి గారూ, మా ఇంజినీరు గారు ఫోటోలు పంపమన్నారండీ" అనండి చాలు. చూసేవాళ్ళు ఉన్నారని తెలిస్తే పని తీరు మారుతుంది. తేడా కనిపిస్తే పొయ్యకముందే ఇంజినీరుకి ఫోన్ చెయ్యండి. పోశాక చేసే ఫోన్‌తో లాభం లేదు.

ఒక్క విషయంలో డాబాని నమ్మకండి

ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి. నేను ఇప్పటిదాకా మాట్లాడింది గాలి గురించి. ఉప్పెన వేరు. ఒక ఘనపు మీటరు గాలి బరువు కేజీ చిల్లర. అంతే నీళ్ళ బరువు టన్ను. 1977 నవంబరు 19న దివిసీమ మీదకి వచ్చిన ఉప్పెన సుమారు ఐదు మీటర్ల ఎత్తు. పదివేల మందికి పైగా చనిపోయారు. అంత ఎత్తున నీళ్ళు పరిగెత్తుకొస్తే ఒకే అంతస్తు డాబా కప్పుతో సహా మునిగిపోతుంది. ఇటుక గోడలు ఆగవు, పునాది కింది మట్టి కోసుకుపోతుంది. తుఫాను షెల్టర్లని ఎత్తయిన కాంక్రీటు స్తంభాల మీద, కింద ఖాళీ వదిలి కట్టడానికి కారణం ఇదే, నీళ్ళు కింద నుంచి పోవాలి.

కాబట్టి మీ ఊరు ఖాళీ చెయ్యమని అధికారులు చెప్తే, "మాది పిల్లర్ల మీద కట్టిన ఇల్లు, మేం రాం" అని తాతయ్య మంచం పట్టుకుని కూర్చున్నా సరే, బతిమాలి తీసుకెళ్ళండి. మంచి కాంక్రీటు ఇల్లు చేసే పని ఏంటంటే, రెండు రోజుల తర్వాత షెల్టర్ నుంచి మీరు తిరిగొచ్చేసరికి తాళం తీసుకోవడానికి ఒక ఇల్లు మిగిలి ఉండేలా చూడటం.

ఈసారికి ఇంతే. ఇల్లు కట్టుకుంటున్న స్నేహితులు ఎవరైనా ఉంటే స్లాబ్ రోజుకి ముందే ఈ ఎపిసోడ్ పంపండి, తర్వాత పంపితే ఉపయోగం లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఇప్పటికే పెచ్చులు ఊడుతున్న పాత డాబాని ఎలా బాగు చేసుకోవాలో మాట్లాడుకుందాం. ఉంటాను, జాగ్రత్త.